అట్టపెట్టెకు తొమ్మిది మార్కులు



నేను ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఇంగ్లీష్ చెబుతాను. పేరెంట్స్ మీటింగ్‌లో మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు. "మా పాప ఇంట్లో ఒక్క ముక్క ఇంగ్లీష్‌లో మాట్లాడదు మేడమ్" అని మీరంటారు. "రోజూ పది నిమిషాలు పేపర్ చదివించండి" అని నేనంటాను. అంతలో వెనకాల ఇంకో పేరెంట్ టోకెన్ పట్టుకుని నిలబడతారు. మన మాటలు ఐదు నిమిషాల్లో అయిపోతాయి. ఐదు నిమిషాల్లో చెప్పలేని సంగతి ఒకటి ఉంది, ఈ నెల పత్రికలో రాస్తానని ప్రిన్సిపాల్ సార్‌ని అడిగాను. ఇంగ్లీష్ టీచర్‌వి కదా, ఇంగ్లీష్ పేజీలో రాయమన్నారు. లేదు సార్, ఇది నాకు తెలుగులోనే వస్తుంది అన్నాను.

నేను చెప్పాలనుకున్నది ఒక సినిమా గురించి. డబ్బులు లేని మనుషులు చేత్తో చేసుకున్న మాయలతో తీసిన నవ్వుల సినిమా. అయితే దానికంటే ముందు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి. ఆ తప్పు చేయకపోయి ఉంటే ఆ సినిమా చూసి నవ్వుకుని మరిచిపోయేదాన్ని.

లైట్లు ఆపని క్లాసు

దసరా సెలవుల తర్వాత ఏడో తరగతికి ఒక ప్రాజెక్ట్ ఇచ్చాను. మీకు నచ్చిన కథను మాకు చూపించండి, మోడల్ అయినా సరే, చార్ట్ అయినా సరే, తర్వాత నిలబడి ఇంగ్లీష్‌లో రెండు నిమిషాలు చెప్పండి అన్నాను. మొత్తం 20 మార్కులు.

చెప్పిన రోజుకు 38 ప్రాజెక్టులు వచ్చాయి. థర్మాకోల్ కోటలు, మెరుపు కాగితం అంటించిన రాజభవనాలు, మిణుకు మిణుకుమనే లైట్లు, మెషిన్ మీద కోయించిన అక్షరాలు. వాటిలో సగానికి సగం ఒకే చేతి పని అని చూడగానే తెలిసిపోతుంది. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. టేబుల్ మీద వరసగా పెట్టి ఫోటోలు తీస్తే మాత్రం చాలా బాగుంటాయి. ఆ ఫోటోలే క్లాస్ గ్రూపులో పెట్టాను.

ఒక బాబు మిక్సీ కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె తెచ్చాడు. ముందువైపు టీవీలాగా కిటికీ కోసి, దానికి బటర్ పేపర్ అంటించాడు. వెనకాల సెల్‌ఫోన్ టార్చ్. రెండింటి మధ్యలో చీపురు పుల్లలకు అంటించిన అట్ట బొమ్మలు. కథ వామనావతారం. "మేడమ్, లైట్లు ఆపుతారా?" అని అడిగాడు. పీరియడ్ అయిపోవడానికి పదిహేను నిమిషాలుంది, ఇంకా తొమ్మిదిమంది మిగిలారు. "టైం లేదు నాన్నా, అలాగే చూపించు" అన్నాను.

ట్యూబ్‌లైట్ల వెలుగులో బటర్ పేపర్ మీద ఏమీ కనపడలేదు. వాడు బొమ్మను లోపల కదుపుతున్నాడు, మాకేమో తెల్ల కాగితం కనిపిస్తోంది. ఇంతలో సెల్లోటేప్ ఊడి కిటికీ ఒక పక్కకు వాలింది. వెనక బెంచీల్లో నవ్వారు. వాడు చెప్పాల్సిన రెండు నిమిషాలూ మరిచిపోయాడు. నేను 9 మార్కులు వేసి, ఎర్ర ఇంకుతో "అన్‌టైడీ. నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్" అని రాశాను.

తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌కు వాళ్లమ్మ వచ్చింది. కోపంగా రాలేదు. కోపంగా వచ్చి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పి పంపేదాన్నే. ఆమె నెమ్మదిగా, "పది రోజులు దాని ముందే కూర్చున్నాడు మేడమ్. చదువుకోరా అని నేనే తిట్టాను. షాపులో పన్నెండు వందలు పెట్టి చేయించినవాళ్లకు పద్దెనిమిది వచ్చాయంట కదా. వచ్చేసారి మేమూ అట్లనే చేయించమంటారా?" అని అడిగింది.

ఎత్తిపొడుపు కాదండి. నిజంగానే తెలుసుకోవడానికి అడిగింది. "ప్రెజెంటేషన్ కూడా ముఖ్యమే కదండీ" అన్నాను. ఆమె తలూపి లేచింది. వెనకాల టోకెన్‌తో ఇంకో పేరెంట్ కూర్చున్నారు.

మాలెగావ్‌లో ఎగిరిన మనిషి

సంక్రాంతి సెలవులకు సిరిసిల్ల వెళ్లాను. అది మా ఊరు. మా బాపు సాంచాల మీద పనిచేసినవాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. మా వైపు నుంచి ఎంతోమంది పద్మశాలీలు బతుకుదెరువు కోసం మహారాష్ట్ర పోయినట్టే ఆయన కూడా పెళ్లికి ముందు ఆరేళ్లు భివండీలో ఉన్నాడు. తర్వాత ఊరికి వచ్చి ఇక్కడే నడిపాడు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఒక రాత్రి తమ్ముడు ఫోన్‌ని టీవీకి కలిపి ఒక హిందీ సినిమా పెట్టాడు. పేరు "సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలెగావ్". రీమా కాగ్తీ తీసిన ఈ సినిమా 2025 ఫిబ్రవరిలో థియేటర్లకు వచ్చింది.

అది కల్పన కాదు, నిజంగా జరిగిన కథ. మాలెగావ్ మహారాష్ట్రలో నాసిక్ జిల్లాలో ఉంది. ముంబయికి సుమారు 280 కిలోమీటర్లు. ఊరంతా మరమగ్గాలే. శుక్రవారం మగ్గాలకు సెలవు, ఆ రోజు జనమంతా సినిమా హాళ్ల దగ్గరుంటారు. అక్కడ షేక్ నాసిర్ అనే కుర్రాడు చిన్న వీడియో పార్లర్ నడిపేవాడు. అందులో పాత మూకీ కామెడీలు కూడా వేసేవాడు. చూసి చూసి, వీడియో ముక్కలు అతికించడం తనే నేర్చుకున్నాడు. 2000 ప్రాంతంలో ఊరివాళ్లతోనే "మాలెగావ్ కే షోలే" తీశాడు. ఖర్చు సుమారు 50 వేల రూపాయలు. అంటే మన దగ్గర ఒక మోస్తరు పుట్టినరోజు ఫంక్షన్ ఖర్చు. ఆ సినిమా ఊరంతా విరగబడి చూసింది.

ఆ తర్వాత నాసిర్‌కు ఇంకో కోరిక పుట్టింది. సూపర్‌మ్యాన్‌ని మాలెగావ్‌కు తీసుకురావాలి. అదే "మాలెగావ్ కా సూపర్‌మ్యాన్". సూపర్‌మ్యాన్ అంటే అమెరికాలో కండలు తిరిగిన మనిషి. ఇక్కడ సూపర్‌మ్యాన్ షఫీక్, మగ్గం మీద పనిచేసే బక్కపలచటి కుర్రాడు. పైన వేసుకున్న చెడ్డీ నాడా బయటికి వేలాడుతుంటుంది. విలన్ కోరికేమిటో తెలుసా? ఊరంతా చెత్తతో నిండాలని! మురికి కాలువల ఊళ్లో సూపర్‌మ్యాన్‌కు అంతకంటే మంచి శత్రువు ఎక్కడ దొరుకుతాడు?

ఈ సినిమా తీస్తున్నప్పుడే ఫైజా అహ్మద్ ఖాన్ అనే దర్శకురాలు వాళ్ల వెంట ఉండి, "సూపర్‌మెన్ ఆఫ్ మాలెగావ్" అనే డాక్యుమెంటరీ చేశారు. అది 2008లో తయారై, 2012లో మన థియేటర్లకు వచ్చింది. సిరిసిల్లలో సినిమా చూసిన మర్నాడు దాన్ని కూడా వెతికి చూశాను. మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది దాని గురించే.

వాళ్ల దగ్గర క్రేన్ లేదు. ఎడ్లబండిని పైకి లేపి దానిమీద నుంచి కెమెరా తిప్పారు. ట్రాలీ లేదు. సైకిల్ మీద కూర్చుని కదిలే షాట్ తీశారు. ఉన్న ఒక్క కెమెరా నీళ్లలో పడితే, బాగై వచ్చేదాకా షూటింగ్ ఆపుకున్నారు. మధ్యలో సూపర్‌మ్యాన్‌కు పెళ్లి కూడా అయింది! ఇక ఎగరడం మాటేమిటి? పెద్ద సినిమాల్లో లాగే వాళ్లూ ఆకుపచ్చ గుడ్డ కట్టారు, దాని ముందు షఫీక్‌ను ఎగురుతున్నట్టు ఉంచి తీశారు, కంప్యూటర్‌లో ఆ పచ్చదనం తీసేసి ఆకాశాన్ని పెట్టారు. తెరమీద చూస్తే అంచులు తెలుస్తూనే ఉంటాయి. అతికించినట్టు ఎవరికైనా కనపడుతుంది. అయినా ఊరివాళ్లు ఈలలు వేశారు. ఎందుకంటే ఆకాశంలో వెళుతున్నది తమ పక్కింటి మనిషి.

షఫీక్ ఇప్పుడు లేడు. చిన్న వయసులోనే క్యాన్సర్ తీసుకెళ్లింది. ఆ సంగతి తెలిశాక ఎగిరే షాట్ మళ్లీ చూశాను. మొదటిసారి ఆ అంచులు చూసి నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు.

బాపు చేసిన మగ్గం

మా బాపు సినిమాలో ముందు పట్టించుకున్నది కథను కాదు, చప్పుడును. మగ్గాల సీను రాగానే కూర్చున్నవాడు ముందుకు వంగి, "గీ చప్పుడు మనదే బిడ్డా" అన్నాడు. తర్వాత షఫీక్‌ను చూపిస్తూ, "పన్నెండు గంటలు సాంచ ముందట నిలవడ్డోడు, మల్ల వచ్చి ఎగురుడు యాక్టింగ్ జేసిండా?" అన్నాడు. మా తమ్ముడు గ్రాఫిక్స్ బాగాలేవని ఏదో అన్నాడు. బాపుకు నచ్చలేదు. "మాయాబజార్ల లడ్లు ఎగిరినప్పుడు ఏ కంప్యూటరున్నదిరా? చెయ్యి ఉండాలె, మనసు ఉండాలె" అన్నాడు.

నిజమే. 1957లో కె.వి.రెడ్డి గారి మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే వెళ్లాయంటే, అది ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ, ఆయన మనుషులు కెమెరాతోనూ చేతులతోనూ చేసిన మాయ. విజయా వారికి స్టూడియో ఉంది, మాలెగావ్ వాళ్లకు సైకిల్ ఉంది. కానీ ఇద్దరూ తమను తాము వేసుకున్న ప్రశ్న ఒక్కటే: చూసేవాడి కన్నును ఎట్లా ఒప్పించాలి?

బాపు "చెయ్యి ఉండాలె" అన్నప్పుడు నాకు వేరే సంగతి గుర్తొచ్చింది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నన్ను ఆరో తరగతిలో ఇంగ్లీష్ మీడియంకు మార్చారు. బాపు ఎక్కువ షిఫ్టులు చేసి ఆ ఫీజు కట్టాడు. ఆ ఏడు ఎగ్జిబిషన్‌కు ఏదైనా మోడల్ తెమ్మన్నారు. బాపు రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, నిద్రపోకుండా నాలుగు రోజులు కూర్చుని చిన్న మగ్గం చేశాడు. సైకిల్ చువ్వలు, పాత కండెలు, చెక్కముక్కలు. అది బొమ్మ కాదు. నిజంగా నేసేది. నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డ దానిమీద వచ్చింది. నాకేమో నూనె మరకలు కనపడ్డాయి. కొత్త స్కూల్లో అందరూ మెరిసే మోడల్స్ తెస్తారు, మా నాన్న ఏం పని చేస్తాడో దీంతో అందరికీ తెలిసిపోతుంది అనుకున్నాను. ఎగ్జిబిషన్ రోజు దాన్ని ఇంట్లో తలుపు వెనకాల పెట్టి, అమ్మ దగ్గర డబ్బులు తీసుకుని సౌర కుటుంబం చార్ట్ కొని తీసుకెళ్లాను.

సాయంత్రం బాపు అడిగాడు. "సార్ ఏమన్నడు బిడ్డా?"

"మంచిగున్నదన్నడు" అన్నాను.

మగ్గం అప్పుడు కూడా తలుపు వెనకాలే ఉంది. ఆయన చూశాడో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ అడగలేదు.

ఆ రాత్రి సినిమా అయిపోయాక నిద్ర పట్టలేదు. తొమ్మిది మార్కులు గుర్తొచ్చాయి. నూనె మరకలు చూసి మగ్గాన్ని చూడని పిల్ల, పదిహేనేళ్ల తర్వాత టీచరై, ఊడిన సెల్లోటేప్ చూసి వామనుడిని చూడలేదు. తలుపు వెనక దాచింది ఈసారి వేరేవాళ్ల వస్తువు, అంతే.

ఆకుపచ్చ గుడ్డ, ఎగిరే బస్సు

సెలవుల తర్వాత మొదటి రోజే ఆ బాబును పిలిచాను. "నీ పెట్టె మళ్లీ తెస్తావా? ఈసారి లైట్లు ఆపి చూద్దాం" అన్నాను. "అది లేదు మేడమ్. పాత సామాన్ల వాళ్లకు వేసేశాం" అన్నాడు. మామూలుగానే చెప్పాడు. నేను సారీ చెప్పాను. టీచర్ సారీ చెబితే ఏం చేయాలో వాడికి తెలియలేదు. "పర్లేదు మేడమ్" అని చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మార్కులు అప్పటికే టర్మ్ రిపోర్టులో ఎక్కిపోయాయి కాబట్టి మార్చలేకపోయాను. డైరీలో మాత్రం "ఆ రోజు నేను సరిగా చూడలేదు, తప్పు నాది" అని రాసి సంతకం పెట్టాను.

తర్వాత నాలుగు శనివారాలు యాక్టివిటీ పీరియడ్ అడిగి తీసుకుని, ఏడో తరగతితో ఒక సినిమా తీయించాను. మూడు మీటర్ల ఆకుపచ్చ గుడ్డ, ఒక ఫోన్, ఉచితంగా దొరికే ఎడిటింగ్ యాప్. మొత్తం ఖర్చు 240 రూపాయలు, అదీ గుడ్డకే. షరతు ఒక్కటే, కొత్తగా ఏమీ కొనకూడదు. కథ పిల్లలే అనుకున్నారు. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న స్కూల్ బస్సుకు విసుగొచ్చి రెక్కలు మొలుస్తాయి. చార్మినార్ గడియారం దగ్గర ఆగి టైం చూసుకుంటుంది. ఇంత పొద్దున్నే స్కూలుకు వెళ్లి ఏం చేస్తామని ట్యాంక్‌బండ్ మీద రెండు చుట్లు కొడుతుంది. మన పిల్లల జీవితంలో రోజూ జరిగే కష్టం నుంచే ఈ కథ పుట్టింది చూడండి.

మొదటి శనివారం అంతా చెడిపోయింది. గుడ్డ ముడతలు పడింది. ముడతల నీడలు తెరమీద నల్లటి చారలుగా వచ్చాయి. ఇస్త్రీ చేయిస్తే సగం పోయాయి. మిగతా సగానికి గుడ్డ మీద రెండు వైపుల నుంచీ వెలుతురు సమానంగా పడాలని వాళ్లే కనిపెట్టారు. రెండో శనివారం ఇంకో వింత. ఆ రోజు హౌస్ డ్రెస్. గ్రీన్ హౌస్ బాబు డ్రైవర్ వేషం వేశాడు. యాప్‌లో చూస్తే టీషర్టు మాయం! ఒక తల, రెండు చేతులు మాత్రం స్టీరింగ్ పట్టుకుని ఆకాశంలో వెళుతున్నాయి. క్లాసంతా నేలమీద దొర్లి నవ్వింది. నేను కూడా నవ్వాను.

అక్కడి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. ఆకుపచ్చే ఎందుకు మేడమ్, ఎరుపు ఎందుకు కాదు? నాకు తెలియదు, సైన్స్ సార్‌ని పిలిచాం. మనిషి చర్మంలో ఎర్రటి ఛాయ ఉంటుంది, ఎర్ర గుడ్డ కడితే ముఖం కూడా చెరిగిపోతుందని ఆయన చెప్పారు. ఫోన్ కెమెరా లోపల రంగులు గుర్తుపట్టే చుక్కల్లో ఎరుపుకు, నీలానికి ఒక్కోటి ఉంటే ఆకుపచ్చకు రెండు ఉంటాయి కాబట్టి ఆ రంగును కెమెరా బాగా పట్టుకుంటుందని కూడా చెప్పారు. వెంటనే ఒక పాప లేచి, "అయితే సూపర్‌మ్యాన్‌కు నీలం గుడ్డ కట్టకూడదు సార్, ఆయన డ్రెస్ నీలం కదా" అంది. ఆ పాప నా క్లాసులో ఏడాదంతా నోరు విప్పలేదు.

బస్సు ఎవరు చేశారో మీరు ఊహించే ఉంటారు. ఇంకో మిక్సీ పెట్టె దొరకలేదు, చెప్పుల డబ్బాతో చేశాడు. బస్సు పెద్దదయ్యే సీను దగ్గర అందరం ఆగిపోయాం. యాప్‌లో అది ఎలా చేయాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడు వాడు "లైట్లు ఆపండి మేడమ్" అన్నాడు.

ఆపాను. గోడకు తెల్ల చార్టు కట్టి, వెనకాల టార్చ్ పట్టుకుని, చెప్పుల డబ్బా బస్సును మెల్లగా టార్చ్ వైపు జరిపాడు. వస్తువు వెలుతురుకు దగ్గరయ్యేకొద్దీ నీడ పెరుగుతుంది. తోలుబొమ్మలాట చూసిన మన పెద్దవాళ్లకు తెలిసిన సంగతే. చార్టు మీద బస్సు నీడ జానెడు నుంచి మూరెడైంది, మూరెడు నుంచి గోడంతా అయింది. ఎవరూ మాట్లాడలేదు. అక్టోబర్‌లో వాడు మాకు చూపించాలనుకున్న వామనుడు ఇలాగే పెరిగి ఉంటాడు. మా క్లాసులో 38 మందిమి, నాతో కలిపి 39 మందిమి, ఒక్క స్విచ్ నొక్కక దాన్ని పోగొట్టుకున్నాం.

మీకు ఒక మాట

మీలో కొందరు ఇదంతా బాగానే ఉంది, దీనివల్ల మార్కులు వస్తాయా అని అడుగుతారు. అడగాలి కూడా. మీరు కట్టే ఫీజు ఎంత కష్టపడితే వస్తుందో నాకు తెలుసు, మా ఇంట్లో చూశాను. ఫౌండేషన్ క్లాసులు, వీక్లీ టెస్టుల మధ్య సినిమా ఏమిటని ఒక నాన్నగారు ఫోన్ కూడా చేశారు. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను. ర్యాంకు వస్తుందని నేను హామీ ఇవ్వలేను. నేను చూసింది మాత్రం చెప్పగలను. ఇంగ్లీష్ వ్యాసం రెండోసారి రాయమంటే మూలిగే పిల్లలు, ఆ నాలుగు నిమిషాల సినిమాకు డైలాగులు మూడుసార్లు రాసుకొచ్చారు. నేను అడగలేదు. నవ్వు రావడం లేదు మేడమ్, ఇంకోసారి రాస్తాం అని వాళ్లే అన్నారు. పోట్లాడుకున్నది తెలుగులో, హిందీలో. కాగితం మీద పెట్టింది ఇంగ్లీష్‌లో. రాసింది సరిపోలేదని తమకు తామే తెలుసుకోవడం నా ఏడేళ్ల పిల్లల... కాదు, నా ఐదేళ్ల సర్వీసులో అరుదుగా చూశాను.

షాపులో ఎందుకు చేయిస్తారో కూడా నాకు అర్థమైంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరతారు. మేము శుక్రవారం ప్రాజెక్ట్ చెప్పి సోమవారం తెమ్మంటాం. ఒకే వారంలో మూడు సబ్జెక్టులవి వచ్చి పడతాయి. తెచ్చాక మెరిసేదానికే మార్కులు వేస్తాం. మీరు షాపుకు వెళ్లేలా చేసింది మా పద్ధతే. అందులో నా వాటా నేను ఒప్పుకుంటున్నాను.

అందుకని వచ్చే టర్మ్ నుంచి నా సబ్జెక్టులో రెండు మార్పులు. ప్రాజెక్టుకు రెండు వారాల టైం ఇస్తాను. 20 మార్కుల్లో 10 మార్కులు "ఇది ఎలా చేశాను, ఎక్కడ చెడిపోయింది, మళ్లీ ఎలా బాగుచేశాను" అని పిల్లలు చెప్పే మాటలకు వేస్తాను. కొన్న మోడల్ ఎక్కడా చెడిపోదు కాబట్టి దాని గురించి చెప్పడానికి ఏమీ ఉండదు.

మీ నుంచి నేను కోరేది కొంచెమే. ఇంట్లో ఒక మూల ఒక పెట్టె పెట్టండి. అట్టలు, దారం, విరిగిన బొమ్మలు, పాత పెన్నులు అందులో వేయండి. మీ పిల్లలు ఏదైనా చేసి తెచ్చినప్పుడు, ముందు మరకలు చూడకండి. "ఎలా చేశావు?" అని అడగండి, చెప్పేదాకా వినండి. వాళ్లు లైట్లు ఆపమంటే ఆపండి. మాలెగావ్ సినిమాలు రెండూ వీలైతే చూడండి. పెద్దవాళ్ల కథ కాబట్టి ముందు మీరు చూసి, తర్వాత పిల్లలతో చూడాలో లేదో మీరే నిర్ణయించుకోండి.

ఇంకొక సంగతి. మొన్న ఇంటికి వెళ్లినప్పుడు ఆ చిన్న మగ్గం కోసం అటక మీద వెతికాను. దొరకలేదు. ఏం వెతుకుతున్నావు బిడ్డా అని బాపు కింద నుంచి అడిగాడు. ఏం లేదన్నాను. ఈ వ్యాసం అచ్చయ్యాక ఆయనకు చదివి వినిపించాలని ఉంది. అప్పుడు అడుగుతాను.

వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు మా ఏడో తరగతి సినిమా లైబ్రరీ గదిలో వేస్తున్నాం. నిడివి నాలుగు నిమిషాల పది సెకన్లు. టోకెన్ కోసం వేచి ఉండే టైంలో వచ్చి చూడండి. బస్సు అంచులు తెలుస్తాయి, దారం కనపడుతుంది. డ్రైవర్‌కు ఒక సీనులో ఒళ్లు ఉండదు. దాన్ని సరిచేద్దామా అని అడిగితే, వద్దు మేడమ్, అదే బాగుంది అన్నారు పిల్లలు. అలాగే ఉంచాం.

గదిలో లైట్లు ఆపి ఉంటాయి. తలుపు దగ్గర కొంచెం చూసుకుని రండి.